కొలిచే పరికరాన్ని కొలిచేదెవరు?

కోనసీమలో సంతకు వెళ్ళిన వారెవరికైనా తూనికరాళ్ళమీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర పరిచితమే. ఆ ముద్ర లేని రాయి ఎంత నున్నగా ఉన్నా కొనుగోలుదారునికి నమ్మకం కలుగదు. మరి మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని చవక ఆసిలోస్కోపు, పౌనఃపున్యాన్ని ఆరంకెలలో చూపినప్పుడు ఆ అంకెలకు ముద్ర వేసినదెవరు? విద్యార్థి మిత్రులు ఆలోచింపవలసిన విషయమిది.

ఆసిలోస్కోపులోని ఫ్రీక్వెన్సీ కౌంటరు పని సూత్రప్రాయంగా సులభమైనది. నిర్ణీత కాలంపాటు ద్వారం తెరచి, లోనికి వచ్చిన తరంగాలను లెక్కిస్తుంది. ఆ కాలాన్ని నిర్ణయించేది లోపలి క్వార్ట్‌జ్ స్ఫటికము. స్ఫటికం మందగిస్తే ద్వారం ఎక్కువసేపు తెరచి ఉండి లెక్క పెరుగుతుంది. వేగం హెచ్చితే లెక్క తగ్గుతుంది. సామాన్య స్ఫటికంలో పది లక్షలకు 20 వంతుల దోషం ఉండవచ్చును. అనగా 10 మెగాహెర్ట్‌జ్ వద్ద 200 హెర్ట్‌జ్ తేడా! అంకెలు ఎక్కువగా కనబడినంత మాత్రాన ఖచ్చితత్వం హెచ్చదు.

ఇక్కడ విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాట్లు రెండు. పరికరం ముందుభాగంలోని 1 కిలోహెర్ట్‌జ్ పరీక్షా సంకేతాన్ని దాని కౌంటరుకే ఇచ్చి "సరిపోయింది" అని రికార్డులో వ్రాయడం మొదటిది. చాలా పరికరాలలో ఆ రెండూ ఒకే స్ఫటికం బిడ్డలు. కుంచాన్ని అదే కుంచంతో కొలిస్తే ఎప్పుడూ సరిపోవును గదా! ఇంటి విద్యుత్తు 50 హెర్ట్‌జ్‌ను ప్రమాణంగా తీసుకొనడం రెండవది. మన గ్రిడ్ నియమావళియే 49.90 నుండి 50.05 వరకు హెచ్చుతగ్గులను అనుమతించుచున్నది. 0.1 హెర్ట్‌జ్ తేడా అంటే పది లక్షలకు 2000 వంతులు. మనము పరీక్షింపబూనిన స్ఫటికమే దానికంటె నూరు రెట్లు నమ్మదగినది. పైగా విద్యుత్ లైనును నేరుగా పరికరానికి కలుపుట ప్రాణాపాయకరము.

అసలు ప్రమాణమెక్కడిది? 1967లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ, సీజియం-133 పరమాణువు వికిరణపు 9,192,631,770 డోలనాల కాలాన్ని ఒక సెకనుగా నిర్వచించింది. మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆ ప్రమాణాన్ని నిర్వహించుచున్నది. జీపీఎస్ ఉపగ్రహాలలోనూ పరమాణు గడియారాలున్నవి. కావున జీపీఎస్ నియంత్రిత 10 మెగాహెర్ట్‌జ్ డోలకము, అమలాపురంలోనైనా రాజోలులోనైనా, ఆకాశం కనిపించే కిటికీ వద్ద యాంటెన్నా ఉంచితే చాలు, ఉత్తమ ప్రమాణమగును.

విధానము ఇది. పరికరాన్ని అరగంటసేపు వేడెక్కనివ్వాలి; ఉష్ణోగ్రతను బట్టి స్ఫటికం నడక మారుతుంది. ప్రమాణ సంకేతాన్నిచ్చి, ట్రిగ్గరును తరంగం మధ్యలో నిలపాలి; లేనిచో అలజడి కూడ లెక్కలో చేరును. పది రీడింగులు తీసి సగటు కట్టాలి. సగటు 10.00012 మెగాహెర్ట్‌జ్ వచ్చినదనుకొందాము. దోషము 120 హెర్ట్‌జ్, అనగా పది లక్షలకు 12 వంతులు ఎక్కువ. స్ఫటికం మందగించినదని అర్థము. ట్రిమ్మర్ కెపాసిటరు ఉన్న పరికరమైతే అధ్యాపకుల సమక్షంలో ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో దాని ధారణశక్తిని కొంచెం తగ్గించగా స్ఫటికం వేగము పెరిగి రీడింగు దిగివచ్చును. ట్రిమ్మరు లేనిచో పరికరాన్ని విప్పనక్కరలేదు. ప్రతి రీడింగునుండి ఆ 12 వంతులు తీసివేస్తే సరి. కౌంటరు 4.00005 మెగాహెర్ట్‌జ్ చూపితే 48 హెర్ట్‌జ్ తగ్గించి 4.00000 అని వ్రాయవలెను. స్ఫటికం వయసుతో మారును గనుక ఏటేటా పరీక్షించి, తేదీని, ఉష్ణోగ్రతను, దోషాన్ని చీటీపై వ్రాసి పరికరానికి అంటించాలి.

కళాశాల యాజమాన్యవర్గమునకు ఒక మనవి. ప్రయోగశాలకు పది పరికరాలున్నా, వాటన్నిటికీ సాక్ష్యం చెప్పగల ప్రమాణము ఒక్కటైనా ఉండడం మేలు. విద్యార్థులకు మరొక మాట: దోషము లేదని వ్రాయుటకంటె దోషమింత అని వ్రాయుటయే శాస్త్రము. చీటీమీద నిజాయితీగా వ్రాసిన ఆ "12" అనే అంకె, తెరమీద మెరిసే ఆరంకెలకంటె విలువైనది.