'గరీబు' శబ్దం – అర్థపరిణామం

ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను వినిపించే మాటలలో 'గరీబు' ఒకటి. దీనికి 'పేదవాడు' అని అర్థం చెప్పడానికి ఎవరూ తడుముకోరు. కాని ఉర్దూ చదివిన విద్యార్థి అరబ్బీ పాఠంలో 'రజులున్ గరీబున్' అన్న పదబంధాన్ని చూచి 'పేదవాడు' అని అనువదిస్తే అది తప్పవుతుంది. అక్కడ దాని అర్థం 'పరాయి మనిషి'. పేదవానికి అరబ్బీలో 'ఫకీర్' అనే మాట వేరుగా ఉన్నది.

అరబ్బీ పదాలలో అధికభాగం మూడేసి హల్లుల ధాతువుల నుండి పుట్టినవి. గరీబు శబ్దానికి మూలం గైన్, రే, బే అనే మూడక్షరాలు. దూరంగా పోవడం, కనుమరుగు కావడం ఈ ధాతువులోని భావం. సూర్యుడు అస్తమించడం 'గురూబ్'. అస్తమించే దిక్కు 'గర్బ్', అనగా పడమర. సూర్యాస్తమయం కాగానే చేసే నమాజు 'మగ్రిబ్'. ఆ విధంగానే స్వస్థలానికి దూరమైనవాడు 'గరీబ్'. పరిచయం లేనిది వింతగా తోస్తుంది కనుక 'వింతైనది' అనే అర్థం కూడ ఏర్పడింది. హదీసులలోని అపరిచిత పదాలను వివరించే శాస్త్రానికి 'గరీబుల్ హదీస్' అని పేరు.

పారశీకంలో ఈ మాట ప్రధానంగా పరాయివానినే తెలుపుతుంది. తుర్కీ భాషలో 'గరిప్' అనగా ముఖ్యంగా వింత. 1941లో ఓర్హాన్ వెలి, మరి ఇద్దరు కవిమిత్రులు కలిసి ఆ పేరుతోనే ఒక కవితాసంపుటిని వెలువరించారు. ఉర్దూలో మాత్రం పేదరికం ముందుకు వచ్చింది. అజ్మీరు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీకి 'గరీబ్ నవాజ్' అనే బిరుదం పేదలను ఆదరించేవాడన్న అర్థంలోనే ప్రసిద్ధం. అయినా పాత అర్థాలు సమాసాలలో మిగిలి ఉన్నాయి. 'అజీబో గరీబ్' అంటే వింతైనది. 'గరీబుల్ వతన్' అంటే స్వదేశానికి దూరమైనవాడు. తెలుగులో మనం వాడుకునేది పేద అనే అర్థంలోనే.

పరాయివాడు పేదవాడెట్లా అయినాడు? దీనికి సమాధానం మన 'పరదేశి' శబ్దంలో దొరుకుతుంది. సంస్కృతంలో పరదేశి అన్యదేశస్థుడు. తెలుగులో 'దిక్కులేని పరదేశి' అన్నప్పుడు అతడు నిరాశ్రయుడు. తమిళంలో బిచ్చగానిని కూడ పరదేశి అంటారు. కొచ్చిలో 1568లో నిర్మించిన యూదుల 'పరదేశి' ప్రార్థనా మందిరం పేరులో మాత్రం మొదటి అర్థమే నిలిచి ఉన్నది.

అరబ్బీ, సంస్కృతం భిన్న కుటుంబాలకు చెందిన భాషలు. అయినా రెండు మాటలూ ఒకే దారిన నడిచాయి. తనవారు, పూచీపడేవారు లేని చోట చేతిలో ధనమున్నవాడు కూడ నిస్సహాయుడే అన్న అనుభవం ఏ ఒక్క జాతిదో కాదు.

ఏటా దూరపు గ్రామాల నుండి వచ్చి మన వసతి గృహంలో చేరే విద్యార్థి పాత అర్థంలో గరీబు. కొందరు రెండర్థాలలోను గరీబులే. కొత్త అర్థంలోని లేమిని కళాశాల కమిటీవారి విద్యార్థి వేతనం కొంతవరకు తీర్చగలదు. పాత అర్థంలోని లేమిని తీర్చవలసినవారు తోటి విద్యార్థులు. అందుకు కావలసినది ధనం కాదు, పలకరింపు.