కాటా ఆగింది... డ్రైవర్ దొరక్క!

పిడుగురాళ్లలో ఓ సున్నం బట్టీ. కాటా దగ్గర లారీలు వరసగా ఆగిపోయి ఉన్నాయి. పాత కంప్యూటర్ పోయిందని ఓనరు విండోస్ 11 ఉన్న కొత్తది కొన్నాడు. బరువులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ మాత్రం పాతదే. ఎప్పుడో ఎవరో విజువల్ బేసిక్ 6లో రాసి, డేటాను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్లో పెట్టి ఇచ్చారు. తెరిస్తే ఒకటే మాట: 'డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్ అండ్ నో డిఫాల్ట్ డ్రైవర్ స్పెసిఫైడ్'. బీటెక్ అయిపోయి ఇంటి దగ్గరే ఉన్న మేనల్లుడు పొద్దుటి నుంచి కుస్తీ పడుతున్నాడు. "కొత్త విండోస్‌లో ఇది రాదు మావయ్యా, వేరేది కొనాల్సిందే" అని తేల్చేశాడు కూడా.

కొనక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు, అంతా 64 బిట్టే. అయినా పాత ప్రోగ్రాముల కోసం అందులో 32 బిట్ లోకం ఒకటి విడిగా ఉంటుంది. డేటాబేస్‌కు దారి చూపే ఓడీబీసీ సెట్టింగుల కిటికీలు కూడా అందుకే రెండు. కుర్రాడు 64 బిట్ కిటికీ తెరిచాడు. అక్కడ యాక్సెస్ డ్రైవర్ కనపడలేదు. నెట్‌లో వెతికి 64 బిట్ డ్రైవర్ దించాడు, అక్కడే డీఎస్ఎన్ (డేటా సోర్స్ నేమ్) తయారుచేశాడు. అక్కడ చేసిన సిస్టమ్ డీఎస్ఎన్ 32 బిట్ ప్రోగ్రాముకు అసలు కనిపించదు. 32 బిట్ కిటికీలో మాత్రం యాక్సెస్ డ్రైవర్ విండోస్‌తోనే వచ్చి కూర్చుంది. అక్కడ అదే పేరుతో డీఎస్ఎన్ పెట్టి, ఫైలు ఎక్కడుందో చూపించాం. కాటా నడిచింది.

ఇందులో ఓ తమాషా ఉంది. 64 బిట్ కిటికీ ఉండేది సిస్టమ్32 అనే ఫోల్డర్లో. 32 బిట్‌ది సిస్‌వావ్64లో. మాచర్ల బోర్డు పెట్టుకుని వినుకొండ వెళ్లే బస్సు లాంటిదన్నమాట! పైగా రెండు ఫైళ్ల పేరూ ఒకటే, ఓడీబీసీఏడీ32. ఏది ఏ బిట్‌దని ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగితే తడబడేవాళ్లే ఎక్కువ.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మిల్లుల్లో, కాటాల దగ్గర, ఆడిటర్ల ఆఫీసుల్లో యంత్రాలు మారుతున్నాయి, లోపలి సాఫ్ట్‌వేర్లు మారడం లేదు. నరసరావుపేటలో చదివి హైదరాబాద్ వెళ్లే పిల్లల్లో చాలామంది జావా, పైథాన్ కోర్సుల వెంటే పడతారు. తప్పని అనను. కానీ అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగానికి వెళ్తే మొదటి వారంలోనే ఎదురయ్యేది ఇలాంటి కనెక్షన్ గొడవే. సపోర్ట్ అంటే చిన్నచూపు ఎందుకో నాకైతే అర్థం కాదు. లోపలి గుట్టు తెలిసేది అక్కడే.

ఎర్రర్ వస్తే ముందు పూర్తిగా చదవండి. 'ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్' అంటే ప్రోగ్రామూ డ్రైవరూ చెరో బిట్‌లో ఉన్నాయని అర్థం. బిట్ చూడాల్సింది విండోస్‌ది కాదు, ప్రోగ్రాముది. టాస్క్ మేనేజర్లో డీటెయిల్స్ ట్యాబ్‌లో ప్లాట్‌ఫామ్ కాలమ్ పెట్టుకుంటే తెలిసిపోతుంది. 64 బిట్ ఆఫీస్ ఉన్న యంత్రంలో విడిగా దించుకున్న 32 బిట్ యాక్సెస్ ఇంజిన్ (యాక్సెస్ డ్రైవర్ల ప్యాకేజీ) వేయబోతే ఇన్‌స్టాలరే ఒప్పుకోదు. అందుకే ఆఫీస్ ఏ బిట్‌దో ముందే కనుక్కోండి.

బిట్లు కుదిరినా పని అయిపోదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 2022లో వచ్చిన ఓడీబీసీ డ్రైవర్ 18, ఎవరూ అడగకుండానే కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. సర్వర్‌కు సరైన సర్టిఫికెట్ లేకపోతే నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగుతుంది. 'ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్' అని పెట్టేస్తే ఎర్రర్ పోతుంది కానీ, అది ల్యాబ్‌లో చేసే పని. కంపెనీ సర్వర్ మీద చేస్తే మందలింపే. మైఎస్‌క్యూఎల్ 8 కూడా పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మార్చింది. పాత డ్రైవర్లకు అది తెలియదు, కొత్త డ్రైవర్ వేయాల్సిందే.

నేర్చుకోవడానికి ఖర్చేమీ లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, మైఎస్‌క్యూఎల్ కమ్యూనిటీ, పోస్ట్‌గ్రెస్ అన్నీ ఉచితమే. వేసుకుని, కావాలనే చెడగొట్టండి. తప్పుడు బిట్ డ్రైవర్ పెట్టండి, పోర్ట్ మూసేయండి, పాస్‌వర్డ్ తప్పు కొట్టండి. ప్రతిసారీ వచ్చిన ఎర్రర్, కారణం, ఎలా బాగైందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇరవై ఎర్రర్లు నిండాక రెజ్యూమెలో 'ఎంఎస్ ఆఫీస్ వచ్చు' అన్న లైను కొట్టేసి, ఆ చోట ఈ పని గురించి రాయండి. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి.