ముందు విశ్రాంతి, పిమ్మట మాట

పఠన భాగము: 1 రాజులు 19:1–18
పాఠాంశము: పిల్లలలోను యౌవనులలోను కలుగు ఆందోళన

కర్మెలు పర్వతముమీద గొప్ప జయము పొందిన ఏలీయా, యెజెబెలు బెదరింపు విని ప్రాణభయముతో పారిపోయెను. అరణ్యములో ఒక చెట్టు క్రింద కూలబడి, ఇక బ్రదుకు చాలునని మరణము కోరుకొనెను. అట్టివానికి దేవుడు మొదట ఉపదేశము చేయలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును ఇప్పించెను, మరల నిద్రపోనిచ్చి, మరల ఆహారమిచ్చెను. హోరేబు చేరిన పిమ్మటనే ప్రశ్న అడిగెను. ఒకే ప్రశ్న రెండుమారులు అడిగి, ఏలీయా చెప్పిన ఒకే జవాబును రెండుమారులు ఆలకించెను. అటుతరువాతనే అతనికి చేయవలసిన పనియు, తోడుగా నుండు మనిషియు చూపబడెను.

విశ్రాంతి, ఆహారము, ఆలకింపు, తరువాత పని: ఇది ఆ అధ్యాయములోని క్రమము. పిల్లల విషయములో పెద్దలు తరచుగా ఈ క్రమమును తలక్రిందులు చేయుదురు. ఉపదేశము ముందు వచ్చును. ఆలకించుటకు తీరిక యుండదు. నిద్ర మాట పరీక్షలైన తరువాత చూతమందురు.

1. ఆందోళన యనగా నేమి?

అపాయము తోచినప్పుడు శరీరములో అడ్రినలిన్, కార్టిజాల్ అను హార్మోనులు విడుదలగును. గుండె వేగముగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, కడుపులో త్రిప్పినట్లుండును. ఇది రోగము కాదు. ప్రాణరక్షణకై శరీరమునకు ఇయ్యబడిన ఏర్పాటు. కొలది ఒత్తిడి మేలే చేయును. 1908లో యెర్క్స్, డాడ్సన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగములు జరిపి, కఠినమైన పని నేర్చుటకు మితమైన ఒత్తిడి తోడ్పడుననియు, అది మితిమీరినచో నేర్పు తగ్గుననియు కనుగొనిరి.

ఈ స్థితి దినముల తరబడి విడువక యుండినయెడల నిద్ర చెడును, జ్ఞాపకశక్తి తగ్గును, చదివినది నిలువదు. అంతేకాక, మంచిచెడ్డలు తూచి నిర్ణయించు మెదడు భాగము పూర్తిగా ఎదుగుటకు ఇంచుమించు ఇరువదియైదు ఏండ్లు పట్టును. కావున పదునారేండ్ల బిడ్డకు నేటి కష్టము జీవితమంతటి కష్టమువలె కనబడును. ఆ బిడ్డను పిరికివాడనుట అన్యాయము.

2. శరీరము చెప్పు సాక్ష్యము

పిల్లలు తమ బాధను మాటలతో చెప్పుట అరుదు. ప్రతి సోమవారము ఉదయమున కడుపునొప్పి యని ఏడ్చు బాలికకు ఆదివారమున ఏ నొప్పియు నుండదు. వైద్యుడు పరీక్షించి ఏమియు లేదనగానే, అది బడి ఎగవేయుటకు ఆడిన అబద్ధమని ఇంటివారు తీర్మానింతురు. నొప్పి నిజమే; దాని వేరు మాత్రము కడుపులో లేదు. అది తరగతిలోని అవమానమో, తోటివారి వేధింపో, ఇంటిలోని కలహమో కావచ్చును.

చిన్నపిల్లలు మానివేసిన పక్క తడుపుట తిరిగి మొదలుపెట్టుదురు. తల్లి కొంగు విడువరు. పెద్దపిల్లలు చిన్నమాటకే కసురుకొందురు, అన్నము మానుదురు, గది తలుపు మూసికొని ఫోనుతో గడుపుదురు, ఇష్టమైన ఆటను విడిచిపెట్టుదురు. వీటిని పొగరనియు సోమరితనమనియు పిలుచుట సులభము. ఇట్టి మార్పు రెండు మూడు వారములు నిలిచియుండినచో, కారణము వెదకవలసిన బాధ్యత పెద్దలదే.

3. మార్కులు, మనిషి విలువ

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడెను. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్లు ప్రకటింపబడెను. తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు విడిచిరి. పిమ్మట జవాబుపత్రములను తిరిగి పరిశీలింపగా, తప్పినవారిలో 1,137 మంది ఉత్తీర్ణులని తేలెను. తెలుగులో సున్న వచ్చినట్లు చూపబడిన ఒక బాలికకు వచ్చినవి 99 మార్కులు. అట్టి మరణమునకు ఏ ఒక్క కారణమో చాలదు. పలు భారములు కలిసి బిడ్డను క్రుంగదీయును. అయినను, మార్కు మనుష్యులు వేసిన లెక్క యనియు, అందు పొరపాటు దొరలవచ్చుననియు ఈ సంగతి చూపుచున్నది. లెక్క సరియైనదే యైనను, అది కొన్ని గంటల వ్రాతను కొలుచునే గాని బిడ్డను కొలువదు.

2023లో విశాఖపట్టణమున వైద్యవిద్య ప్రవేశపరీక్షకు సిద్ధపడుచుండిన పదునేడేండ్ల బాలిక మరణించెను. ఆ వ్యాజ్యెములో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికి మార్గదర్శకములు జారీచేసెను. నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలలో శిక్షణ పొందిన సలహాదారుడు ఉండవలెననియు, మార్కులనుబట్టి విద్యార్థులను వేరువేరు బ్యాచులుగా విడదీయరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు వాటిలో చెప్పబడెను.

కళాశాలకు చెప్పిన ఈ మాట ఇంటికిని చెల్లును. పెదనాన్నగారి కుమారుని ర్యాంకు చూపి బిడ్డను దెప్పుటయు బ్యాచుగా విడదీయుటయే. సంఘమునకును చెల్లును. ఫలితములు వచ్చిన ఆదివారమున మంచి ర్యాంకులు పొందినవారి పేర్లు చదివి స్తుతులు చెల్లింతురు. తప్పిన బిడ్డ ఆ ఆదివారము ఆరాధనకు రాదు. ఎందుకు రాలేదని ఆ యింటికి వెళ్లి అడుగువారు ఎందరు?

4. ఇంటిలో చేయదగినవి

విశ్రాంతి: ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు రాత్రి తొమ్మిది నుండి పండ్రెండు గంటల నిద్రయు, పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి ఎనిమిది నుండి పది గంటల నిద్రయు అవసరము. చదివినది జ్ఞాపకములో స్థిరపడుటకు నిద్ర తోడ్పడును. కావున నిద్ర చంపుకొని చదువుట నష్టమే.

ఆహారము: దినమునకు ఒక్కపూటయైనను ఇంటివారందరు కలిసి భుజింపవలెను. ఆ వేళ మార్కుల మాట తేరాదు.

ఆలకింపు: “ఎన్ని వచ్చినవి?” అనుటకు బదులు, “ఈ దినమున నీకు కష్టముగా తోచినదేమి?” అని అడుగవచ్చును. జవాబు రానిచో మరునాడు మరల అడుగవలెను. బిడ్డ చెప్పునప్పుడు మధ్యలో దిద్దరాదు. ఆందోళనను అవిశ్వాసమని గద్దించినచో, బిడ్డ ఆ మాట మరల ఎత్తడు. ప్రార్థన బిడ్డతో కూడ చేయదగినది. బిడ్డ మాటను ఆపుటకు వాడదగినది కాదు.

పని: చివరకు, చేయగలిగిన చిన్న అడుగు ఒక్కటి చూపవలెను. తప్పిన పాఠ్యాంశమునకు సప్లిమెంటరీ పరీక్ష, దినమునకు ఒక గంట అభ్యాసము, కష్టము తెలిసిన ఉపాధ్యాయుని సాయము, అంతే చాలును.

బిడ్డ చావు మాట ఎత్తినయెడల తేలికగా తీసికొనరాదు. ఆ తలంపు కలదా యని నెమ్మదిగా, సూటిగా అడుగుటవలన అది క్రొత్తగా పుట్టదు. దాచుకొన్న భారము దిగుటకు దారి దొరకును. అట్టి బిడ్డను ఒంటరిగా విడువక, ఆలస్యము చేయక మానసిక వైద్యునియొద్దకు తీసికొని వెళ్లవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను, తెలుగులోను, ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. ఆపదలో నున్న పిల్లలకు 1098 కలదు.

ఏలీయా తానొక్కడనే మిగిలితినని రెండుమారులు చెప్పుకొనెను. ఇంక ఏడువేలమంది ఉన్నారను మాట అతనికి తుదకు వినబడెను. నీవు ఒంటరివి కావను మాట నేటి బిడ్డకును వినబడవలెను. అయితే ఆ మాటకు ముందు రొట్టెయు నిద్రయు ఉండెనని మరువరాదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. ఏలీయాకు ఉపదేశము కంటె ముందు ఇయ్యబడినవి ఏవి?
2. గడచిన వారములో ఇంటి పిల్లలతో మార్కులు గాక మరి ఏ సంగతులు మాటలాడబడెను?
3. పరీక్ష తప్పిన బిడ్డ భయములేక ఆరాధనకు వచ్చుటకు సంఘము ఏమి చేయవలెను?