అన్వయ వ్యతిరేకాలు

పాఠ్యభాగ ఉద్దేశం : కార్యకారణ సంబంధాన్ని నిశ్చయించే తర్కశాస్త్ర పద్ధతిని విద్యార్థులకు పరిచితమైన కంప్యూటరు ఆట ఆధారంగా వివరించడం, సాంకేతిక విషయాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పే అభ్యాసాన్ని కలిగించడం.

ఒక కార్యానికి కారణమేమిటో తేల్చుకోవడం మనం అనుకొన్నంత సులభం కాదు. ఒకదాని వెంట మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం, రెండవది కార్యం అయిపోవు. కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే దానిని మన పెద్దలు కాకతాళీయం అన్నారే గాని, కాకి బరువుకు పండు రాలిందని అనలేదు. కారణ నిశ్చయానికి వారు రెండు పరీక్షలు చెప్పారు. కారణం ఉన్నప్పుడు కార్యం ఉండడం అన్వయం. కారణం లేనప్పుడు కార్యమూ లేకపోవడం వ్యతిరేకం. 17వ శతాబ్దికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు రచించిన ‘తర్కసంగ్రహం’ చదివే విద్యార్థికి ఎదురయ్యే ఉదాహరణ పొగ, నిప్పు. వంటశాలలో రెండూ ఉన్నాయి. మడుగులో నిప్పు లేదు, పొగా లేదు. ఈ రెండింటినీ చూచిన తరువాతనే పొగకూ నిప్పుకూ గల సంబంధం స్థిరపడుతుంది.

ఈ చర్చ పాఠశాలలోని కుండలకూ వస్త్రాలకూ మాత్రమే పరిమితమని కొందరి అభిప్రాయం. అది సరి కాదు. ఇంట్లోని కంప్యూటరులో ఆట నత్తనడక నడిచినప్పుడు అక్కరకు వచ్చేదీ ఇదే.

తయారైన ఆటకు ఇతరులు కల్పించి చేర్చే మార్పును ‘మాడ్’ అంటారు. మనం దీనిని ‘చేర్పు’ అందాం. మన ప్రాంతంలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ క్రికెట్ ఆటదే. 2006 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ‘క్రికెట్ 07’ను విడుదల చేసింది. దానిని రూపొందించినది కెనడా దేశపు హెచ్‌బీ స్టూడియోస్. ఆ వరుసలో అదే చివరి ఆట. తరువాత 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ మొదలైంది. 2009లో హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్ విజేతగా నిలిచింది. 2006 నాటి ఆటలో ఆ జట్టు ఎలా ఉంటుంది? ఔత్సాహికులు పూనుకొని కొత్త జట్లను, చొక్కాలను, మైదానాలను, ఆటగాళ్ళ ముఖాలను తయారుచేసి పాత ఆటకు అతికించారు. డబ్బు ఆశించకుండా రాత్రులు మేలుకొని చేసిన పని అది. సంస్థ వదలివేసిన ఆటను అభిమానులే ఏళ్ళ తరబడి బ్రతికించారు.

సాహిత్య విద్యార్థికి ఇది వింతగా తోచనక్కరలేదు. తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాసే లేఖకులు నడుమ నడుమ సొంత పద్యాలను చొప్పించేవారు. వాటిని ప్రక్షిప్తాలు అంటాం. వేమన పద్యాలను సేకరించిన సి.పి.బ్రౌన్ దొర అనేక ప్రతులను ఎదురెదురుగా పెట్టి సరిచూడవలసి వచ్చింది. పరిష్కర్తలు దేని నుంచి ప్రతి వ్రాశారో దానిని మాతృక అంటారు. మాతృక చేతిలో ఉంటే ఏది మూలమో ఏది చేర్పో చెప్పడం సులభం. అది పోతే పండితుడు కూడా తడుముకోవలసిందే. అందువల్ల చేర్పులు చేయదలచిన వారు మొదట చేయవలసిన పని ఆట మూల ప్రతిని యథాతథంగా వేరొకచోట భద్రపరచడం. ఇందులో బద్ధకించిన వారే తరువాత అత్యధికంగా చిక్కులు పడతారు.

ఇక మందగమనం సంగతి. తెర మీద కదలికగా కనిపించేది నిజానికి వెంటవెంటనే మారే నిశ్చల చిత్రాల వరుస. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. క్షణానికి, అనగా సెకనుకు, 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్కటి సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 30 చాలనుకొంటే 33.3 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. ఈ పనిని ఇద్దరు పంచుకొంటారు. బంతి ఎటు వెళ్ళాలి, ఫీల్డరు ఎటు పరుగెత్తాలి అని లెక్క వేసేది ప్రాసెసరు. ఆ లెక్కల ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేసినా ఫ్రేము ఆలస్యమవుతుంది.

తిరుమల కొండకు వాహనాల్లో వెళ్ళినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. అలిపిరి దగ్గర తనిఖీ కోసం ప్రతి వాహనమూ ఆగాలి. అక్కడ వరుస పెరిగినప్పుడు ఘాట్‌రోడ్డును ఎంత వెడల్పు చేసినా ప్రయోజనం లేదు. తనిఖీ చురుకుగా సాగి ఘాట్‌రోడ్డులో బండ్లు నిలిచిపోతే తనిఖీ సిబ్బందిని పెంచి ప్రయోజనం లేదు. ముందుగా తెలియవలసినది ఎక్కడ నిలిచిపోయిందన్నదే. ఆటలో దీనిని కనుక్కొనే ఉపాయం ఖర్చు లేనిది. తెర రిజల్యూషన్‌ను తగ్గించి చూడాలి. దానితో వేగం పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నదని అర్థం. ఏ మార్పూ లేకపోతే భారం ప్రాసెసరు మీద ఉన్నదనుకోవచ్చు. పాత ఆటలు చాలావరకు ప్రాసెసరులోని ఒకటి రెండు కోర్లనే వాడుకొంటాయి. ఎనిమిది కోర్ల ప్రాసెసరు తెచ్చినా అవి మిగిలినవాటిని పలకరించవు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. చిత్తూరులో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి అన్న వాడి వదలిన పాత కంప్యూటరులో ‘క్రికెట్ 07’ ఆడుతున్నాడనుకొందాం. దానికి 32 చేర్పులు చేశాడు. ఆట కుంటుపడింది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలని తండ్రితో చెప్పాడు. తండ్రికి అది నెల జీతంలో చిన్న భాగమేమీ కాదు. కొడుకు మాట కాదనలేడు, అవునని చెప్పి సరుకుల ఖాతా సర్దుకోనూ లేడు. ఇక్కడ విద్యార్థి చేసిన తర్కం ఇది: “కార్డు పాతది. ఆట మందగించింది. కనుక కార్డే కారణం.” అన్వయం ఉన్నట్లే ఉంది. వ్యతిరేకాన్ని మాత్రం అతడు పరీక్షించలేదు. చేర్పులు లేనప్పుడు అదే కార్డు మీద ఆట ఎలా నడిచింది?

అతడు మూల ప్రతిని తీసి ఆడి చూశాడనుకొందాం. సెకనుకు 60 ఫ్రేములు వస్తున్నాయి. కార్డు పాతదే, ఆట మందగించలేదు. దోషం చేర్పులలో ఉన్నదని తేలింది. అయితే 32లో ఏది? ఒక్కొక్కటిగా తీస్తూ పోతే 32 సార్లు పరీక్షించవలసి రావచ్చు. దానికన్నా మేలైన మార్గం సగానికి సగం తగ్గించడం. 16 చేర్పులు ఉంచి, 16 తీసివేసి ఆడాలి. మందగిస్తే దోషి ఉంచినవాటిలో ఉంది, లేకుంటే తీసివేసినవాటిలో ఉంది. ఆ 16ను 8గా, 8ని 4గా, 4ను 2గా చేసుకొంటూ పోతే అయిదు పరీక్షలలో ఒకటి మిగులుతుంది. ప్రతిసారీ అదే మైదానం, అవే జట్లు, అన్నే ఓవర్లు ఉండాలి. ఒకసారి పగటి ఆట, ఒకసారి రాత్రి ఆట ఆడి పోల్చితే ఆ పరీక్ష చెల్లదు. చివర మిగిలినదాన్ని తీసివేసి మిగతా 31ని ఉంచి ఆడాలి. వేగం తిరిగి వస్తే వ్యతిరేకం కూడా నెగ్గింది.

మన ఉదాహరణలో మిగిలినది ప్రేక్షకుల చిత్రాలను మార్చే చేర్పు. అందులో 10 చిత్రాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 4096 బిందువుల వెడల్పు, అంతే ఎత్తు. ఒక్కొక్క బిందువుకు 4 బైట్లు పడతాయి. గుణిస్తే ఒక చిత్రానికి 64 మెగాబైట్లు, పదింటికి 640. అతని కార్డులో ఉన్న జ్ఞాపకశక్తి 512 మెగాబైట్లే. పట్టని సరుకును కార్డు మాటిమాటికీ కంప్యూటరు మెమరీకి పంపుతూ, మళ్ళీ తెప్పించుకొంటూ ఉంటుంది. ఆ రాకపోకలే తెర మీద కుదుపులుగా కనిపిస్తాయి. చిత్రం కొలతను 2048కి తగ్గిస్తే 64 కాస్తా 16 అవుతుంది, పదింటికి 160. పొడవు సగమైతే విస్తీర్ణం నాలుగవ వంతు అవుతుందని ఏడవ తరగతి గణితమే చెబుతుంది. దూరాన కూర్చున్న ప్రేక్షకుడి మీసం స్పష్టత తగ్గినందువల్ల ఆటకు వచ్చే లోటు లేదు. తండ్రి జేబుకూ లేదు.

అన్ని సందర్భాలలోనూ దోషి ఒక్కటే ఉండదు. ఇక్కడే సగాల పద్ధతి తడబడుతుంది. ఆయుర్వేదంలో విరుద్ధాహారం అనే భావన ఉంది. తేనె మంచిదే, నెయ్యి మంచిదే. సమాన పరిమాణంలో కలిపితే చెరుపు అని ఆ శాస్త్రం చెబుతుంది. చేర్పులలోనూ విడివిడిగా నిర్దోషమైనవి రెండు కలిసి చిక్కు తెచ్చే సందర్భాలు ఉన్నాయి. అవి రెండు సగాలలో చెరొకదానిలో పడితే ఏ సగమూ మందగించదు, రెంటినీ కలిపితే మాత్రం మందగిస్తుంది. అటువంటప్పుడు ఒక సగాన్ని పూర్తిగా ఉంచి, రెండవ సగంలోనివి కొన్ని కొన్నిగా కలుపుతూ పోవాలి. రెండు చేర్పులు ఒకే వస్తువును మార్చితే సాధారణంగా చివర చేరినదే నిలుస్తుంది కనుక చేర్చిన క్రమాన్ని కూడా గమనించాలి. 2011 నవంబరు 11న వచ్చిన ‘స్కైరిమ్’ అనే ఆటలో ఈ క్రమానికి ఎంతో ప్రాముఖ్యం ఉంది. ఆ ఆటలో మరొక చిక్కు: చేర్పును తీసివేసినా, సగం ఆడి దాచుకొన్న ఆటలో దాని అవశేషాలు మిగిలి ఉండవచ్చు. అందువల్ల పరీక్షను క్రొత్తగా మొదలుపెట్టిన ఆటలోనే చేయాలి. కడిగిన గిన్నెలోనే పాలు కాచాలి కదా.

జ్ఞాపకశక్తికి మరొక హద్దు ఉంది. విండోస్‌లో 32 బిట్ల ప్రోగ్రాము సాధారణంగా 2 గిగాబైట్లకు మించి వాడుకోలేదు. కంప్యూటరులో 16 గిగాబైట్లు ఉన్నా పాత ఆటకు అవి అందని ద్రాక్షలే. ‘స్కైరిమ్’ను 2016 అక్టోబరులో 64 బిట్ల రూపంలో మళ్ళీ వెలువరించిన తరువాత ఆ ఆటకు ఈ బాధ తప్పింది. దీనికి భిన్నమైనది ‘మైన్‌క్రాఫ్ట్’. జావాలో వ్రాసిన ఆ ఆటకు ఎంత మెమరీ ఇవ్వాలో మనమే నిర్ణయించవచ్చు. తక్కువ ఇస్తే చేర్పులు ఊపిరాడక కొట్టుకొంటాయి. మితిమీరి ఇచ్చినా మేలు కలగదు. వాడి పారవేసిన మెమరీని ఊడ్చుకొనే వేళ ఆట క్షణకాలం ఆగిపోతుంది.

చేర్పులకు సంబంధం లేని కారణాలు కూడా ఉన్నాయి. మే నెలలో మన తిరుపతి, రేణిగుంట ప్రాంతాల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లోపలి ఫ్యాను దుమ్ముపట్టి ఉంటే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. గుర్తించడం కష్టం కాదు: మొదటి పది నిమిషాలు చక్కగా నడిచి, తరువాత మందగించి, కాసేపు ఆపి తెరిస్తే మళ్ళీ చక్కబడితే వేడిమిని అనుమానించాలి. చేర్పు కారణమైతే సాధారణంగా ఆ వస్తువు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ మందగిస్తుంది. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కూడా వేగం తగ్గుతుంది. ఉదయం కరెంటు ఉండగా ఆడి, సాయంత్రం లేనప్పుడు కొత్త చేర్పుతో ఆడి, చేర్పును నిందించేవారు కాకతాళీయానికి చిక్కినవారే.

పరీక్షలను కాగితం మీద వ్రాసుకోవడం అవసరం. ఏ చేర్పు ఉంది, ఏది లేదు, ఎన్ని ఫ్రేములు వచ్చాయి అని మూడు గళ్ళు గీస్తే చాలు. జ్ఞాపకాన్ని నమ్ముకొన్నవాడు చేసిన పరీక్షనే మళ్ళీ చేస్తాడు. ఊరూ పేరూ లేని చోటి నుంచి తెచ్చిన చేర్పులలో వైరస్ ఉండవచ్చు. మందగమనానికి ఒక్కొక్కసారి అదే కారణం. తయారుచేసినవారి పేరు, వారు పెట్టిన నియమాలు ఉన్నవాటినే తీసుకోవడం మంచిది.

ఇన్ని పరీక్షల తరువాత మూల ప్రతి కూడా ఆ కంప్యూటరులో కుంటుతూనే ఉంటే, రిజల్యూషన్ తగ్గించగానే వేగం పుంజుకొంటే, వేడిమి లేదని తేలితే, అప్పుడు కార్డు పాతదైనదన్న మాటకు రెండు పరీక్షలూ సాక్ష్యం చెబుతాయి. ఆ కాగితాన్ని తండ్రి ముందు పెట్టి విద్యార్థి తన కోరికను చెప్పవచ్చు.

అర్థాలు
అక్కర = అవసరం
కాకతాళీయం = అనుకోకుండా ఒకేసారి జరగడం
ప్రక్షిప్తం = మూలంలో లేక, తరువాత చేరినది
మాతృక = ప్రతి వ్రాయడానికి ఆధారమైన మూల గ్రంథం
అవశేషం = మిగిలినది

సంధులు
విరుద్ధాహారం = విరుద్ధ + ఆహారం – సవర్ణదీర్ఘసంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశసంధి
ఒక్కొక్క = ఒక్క + ఒక్క – ఆమ్రేడితసంధి

ప్రశ్నలు
అ. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. చిత్తూరు విద్యార్థి ఉదాహరణలో అన్వయ వ్యతిరేకాలు ఎలా నిరూపితమయ్యాయో వివరించండి.
2. సగాల పద్ధతి ఎక్కడ తడబడుతుంది? దానికి సూచించిన మార్గమేమి?

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. అలిపిరి ఉపమానం ద్వారా రచయిత చెప్పదలచిన విషయమేమి?
2. వేడిమి వల్ల కలిగే మందగమనాన్ని ఎలా గుర్తించవచ్చు?

ఇ. మీ ఇంట్లో చెడిపోయిన ఏదైనా ఒక వస్తువును తీసుకొని, దోష కారణాన్ని అన్వయ వ్యతిరేకాలతో పరీక్షించి, ఆ వివరాలను మూడు గళ్ళ పట్టికగా వ్రాయండి.