నిద్ర గొలుపు మందులు – హైదరాబాదు నేర్పిన పాఠము

పడిసెము పట్టిన పసిబిడ్డ రాత్రి తుమ్ముచు, దగ్గుచు, కన్ను మూయక యేడ్చుచుండును. ఇంటిలో నున్న సీసాలోనుండి ఒక చెంచాడు మందు పోయుదురు. కొంతసేపటికి బిడ్డ నిద్రించును. ఇంటివారు "మందు బాగుగా పనిచేసినది" అని సంతోషింతురు. అది సహజమే. కాని విద్యార్థులారా, ఇచ్చట మనమొక ప్రశ్న వేసికొనవలెను. ఆ మందు వ్యాధిని తగ్గించినదా, లేక బిడ్డను నిద్రపుచ్చినదా? ఈ రెండును ఒకటి కావు.

పడిసెమునకును, దురదకును, దద్దుర్లకును వాడు మందులలో అనేకము యాంటీహిస్టమినులు అను తెగకు చేరినవి. వానిలో క్లోర్‌ఫెనిరమిన్, ప్రోమెథజైన్, డైఫెన్‌హైడ్రమిన్ మున్నగు పాత మందులు నిద్రను గూడ కలిగించును. నిద్ర గొలుపు మందును ఎట్లు వాడవలెనను విషయమున మన నగరమునకొక గొప్ప చరిత్ర గలదు. అది యాంటీహిస్టమినులు పుట్టకముందటిది, క్లోరోఫారమునకు సంబంధించినది. అయినను అందలి పాఠము నేటి మందులకును వర్తించును. కావున ముందు దానిని వివరించి, పిమ్మట మన యిండ్లలోని మందులను గూర్చి విచారింతము.

క్లోరోఫారము తెచ్చిన సందేహము

క్లోరోఫారమను ద్రవము 1831 ప్రాంతమున కనుగొనబడెను. 1847 నవంబరు 4వ తేదీ రాత్రి ఎడింబరో నగరమున జేమ్స్ యంగ్ సింప్సన్ అను వైద్యుడు తన మిత్రులతో గూడ దాని యావిరిని పీల్చి చూచి స్పృహ దప్పెను. ఈథరు అను మత్తుమందు 1846లోనే వాడుకలోనికి వచ్చియుండెను. అంతకు పూర్వము శస్త్రచికిత్స యనగా రోగిని నలుగురు గట్టిగా పట్టుకొనియుండగా కోయుటయే. కావున ఈ క్రొత్త మందులను జనులు వరముగా నెంచిరి.

కాని మూడు నెలలు గడవకమునుపే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండు దేశమున హానా గ్రీనరు అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి కొన్ని నిమిషములలోనే మరణించెను. అటుతరువాత ఆరోగ్యవంతులు సైతము చిన్న చికిత్సలలో అకస్మాత్తుగా చనిపోవుట అక్కడక్కడ జరుగుచుండెను. ముందుగా ఆగినది ఊపిరియా, గుండెయా? గుండె యనువారు నాడిని పట్టి చూడవలెననిరి. ఊపిరి యనువారు శ్వాసను గమనించిన చాలుననిరి. వైద్యలోకము రెండుగా చీలెను.

హైదరాబాదున జరిగిన పరీక్షలు

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో స్థాపింపబడినది. అందు బోధన ఉర్దూ భాషలో జరుగుచుండెను. పాతనగరమునకెదురుగా, మూసీనదికి ఉత్తరపు టొడ్డున, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1866లో వెలసెను. 1885లో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు ఇచ్చటి రెసిడెన్సీ సర్జనుగాను, వైద్య పాఠశాలకు అధిపతిగాను వచ్చెను. ఈయన ఎడింబరోలో చదువుకొనినవాడు. శ్వాసను సరిగా గమనించినయెడల క్లోరోఫారమువలన అపాయమే లేదని దృఢముగా నమ్మినవాడు.

తన నమ్మకమును నిరూపించుటకై లారీ 1888లో ఒక సంఘమును ఏర్పఱచి కుక్కలపై పరీక్షలు జరిపించెను. లండనునుండి వెలువడు లాన్సెట్ అను వైద్యపత్రిక వాని ఫలితములను సందేహించెను. అప్పుడు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము 1000 పౌనులిచ్చి, పత్రిక తరఫున ఒక ప్రతినిధిని పంపుమని కోరెను. ఆ ప్రకారము 1889లో లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదునకు వచ్చి రెండవ సంఘములో పనిచేసెను. నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిగెను. శ్వాసయే ముందు ఆగుననియు, గుండె పిమ్మట ఆగుననియు, శ్వాసను కనిపెట్టుటయే ముఖ్యమనియు సంఘము తీర్మానించెను. ఆ నివేదిక 1890లో లాన్సెట్‌లో ప్రకటింపబడగా హైదరాబాదు పేరు దేశదేశముల వైద్యుల నోట వినబడెను.

ఈ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ వనిత 1889 మొదలు 1917 వఱకు ఈ నగరపు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారమిచ్చు పనిని నిర్వహించెను. మత్తుమందు నిచ్చుటలో శిక్షణ పొందిన స్త్రీలలో లోకమున ఈమెయే ప్రథమురాలని పలువురు చెప్పుదురు. రోగి తల దగ్గఱ కూర్చుండి ప్రతి శ్వాసను కనిపెట్టుట ఆమె వృత్తి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదలో నాశనమయ్యెను. తరువాత ఆ ప్రాంతముననే ఉస్మానియా ఆసుపత్రి లేచెను.

సగము సత్యము, సగము పొరపాటు

లారీ చెప్పినదానిలో సగము నేటికిని సత్యమే. నిద్ర గొలుపు మందు మోతాదు మించినయెడల మెదడులో శ్వాసను నడపు కేంద్రము మందగించి ఊపిరి యాగును. కావున మత్తులో నున్నవాని శ్వాసను విడువక గమనింపవలెను.

కాని "గుండెకు అపాయమే లేదు" అనిన రెండవ సగము నిలువలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై పరీక్షలు చేసి, తేలికయైన క్లోరోఫారము మత్తులో నున్నప్పుడు అడ్రినలిన్ అను పదార్థము రక్తములో చేరినచో, గుండె క్రమముగా కొట్టుకొనుట మాని కంపించి నిలిచిపోవునని చూపెను. భయపడినప్పుడు మన శరీరమే అడ్రినలిన్‌ను విడుచును. గోరు తీయుటవంటి చిన్న చికిత్సలో, కొద్దిపాటి మందుతోనే, బెదరిన రోగి యేల చనిపోవచ్చునో దీనివలన తెలిసెను. నాలుగు వందలకు మించిన పరీక్షలును, వేలకొలది రోగుల యనుభవమును ఈ యపాయమును పట్టజాలకపోయెను. కాలక్రమమున వైద్యులు క్లోరోఫారమును విడిచి, అంతకంటె క్షేమకరములైన మందులను చేపట్టిరి.

కావున మన నగరపు పాఠము రెండు మాటలలో చెప్పవచ్చును. నిద్రించువాని శ్వాసను గమనింపుము. ఇంతవఱకు ఏమియు కాలేదు గనుక ఇకమీదటను ఏమియు కాదని యనుకొనకుము.

యాంటీహిస్టమినులు పనిచేయు విధము

ఇక మన యిండ్లలోని మందులకు వత్తము. మన శరీరమందు హిస్టమిన్ అను పదార్థము గలదు. ధూళి, పుప్పొడి మున్నగునవి సరిపడనివారికి ఈ హిస్టమిన్ వెలువడి, ముక్కు కారుట, తుమ్ములు, దురద, దద్దుర్లు కలిగించును. హిస్టమిన్ తాళపుచెవి వంటిది. శరీరకణములపై దానికి సరిపడు తాళములు గలవు. యాంటీహిస్టమిను ముందుగా ఆ తాళములో దూరి చెవికి చోటు లేకుండ చేయును.

1937లో పారిస్ నగరపు పాస్టరు సంస్థయందు దానియేల్ బోవే, ఆన్-మారీ స్టాబ్ అనువారు ఇట్టి పదార్థమును మొదట గుర్తించిరి. అది మనుష్యుల కుపయోగింపదగనిది. అయినను త్రోవ చూపెను. బోవేకు 1957లో నోబెల్ బహుమానము లభించెను. 1940 తరువాతి పదేండ్లలో అమెరికాలో డైఫెన్‌హైడ్రమిన్, ఫ్రాన్సులో ప్రోమెథజైన్ తయారయ్యెను.

మఱి నిద్ర యేల వచ్చును? మెదడులో హిస్టమిన్ చేయు పని వేఱు. అది మనలను మేలుకొలిపియుంచు పదార్థములలో నొకటి. పాత యాంటీహిస్టమినులు రక్తమునుండి మెదడులోనికి సులభముగా ప్రవేశించి ఆ మేలుకొలుపును అడ్డగించును. ఫ్రెంచి నౌకాదళపు వైద్యుడు హెన్రీ లబోరీ ఈ గుణమును చూచి, శస్త్రచికిత్సకు ముందు రోగులకు ప్రోమెథజైన్ నిచ్చెను. ఆ పరిశోధనల ఫలముగా 1950లో క్లోర్‌ప్రోమజైన్ తయారై, 1952 మొదలు మనోవ్యాధుల చికిత్సను మార్చివేసెను. చూచితిరా! పడిసెపు మందు క్లోరోఫారమువలెనే శస్త్రచికిత్సాలయమునకు చేరినది. అట్టి బలము గలదానిని అల్పముగా నెంచరాదు. లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి క్రొత్త మందులు మెదడులోనికి అంతగా పోవు. సెట్రిజిన్‌వలన మాత్రము కొందఱికి మగత గలుగును.

ఒక్క సంగతి స్పష్టముగా తెలిసికొనుడు. సాధారణమైన పడిసెము సూక్ష్మజీవులవలన వచ్చి, కొన్ని దినములలో తానే తగ్గును. యాంటీహిస్టమిను ఆ సూక్ష్మజీవులను చంపదు.

అపాయములు

మొదటిది పసిబిడ్డల విషయము. రెండేండ్లలోపు బిడ్డలకు ప్రోమెథజైన్ ఇచ్చినప్పుడు శ్వాస మందగించి మరణములు సంభవించినందున, అమెరికా ప్రభుత్వము 2004లో ఆ వయస్సువారికి దానిని ఇయ్యరాదని గట్టి హెచ్చరికను మందుపై వ్రాయించెను. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన పడిసెపు మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రింపవలసినదిగా భారతదేశపు ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆజ్ఞాపించెను. కొందఱు పిల్లలకు ఈ మందులవలన నిద్రకు బదులు కలవరమును, అల్లరియు గలుగును. మోతాదు మిక్కిలి మించినచో మూర్ఛలును, గుండె గతి తప్పుటయు సంభవించును.

రెండవది కలయిక. సారాయి, కల్లు, నిద్రమాత్రలు, కొడీను గల దగ్గుమందు – వీనిలో దేనితోనైనను కలిసినప్పుడు మత్తు రెట్టింపగును. కల్తీకల్లులో ఆల్ప్రజోలము వంటి నిద్రమందులు కలుపుట మన తెలంగాణమున పలుమార్లు బయటపడిన సంగతియే. అట్టి కల్లు త్రాగినవాడు తనలో ఏయే మందులు కలిసినవో తానే యెఱుగడు.

మూడవది వృద్ధుల విషయము. వారికి ఈ పాత మందులవలన నోరు ఎండుట, మలబద్ధము, మూత్రము బిగియుట, మనస్సు తికమకపడుట, రాత్రి లేచి తూలిపడుట కలుగవచ్చును. ఒక విధమగు గ్లకోమా అను కంటిజబ్బు గలవారికి ఇవి కీడు చేయును.

నాలుగవది మఱునాటి మగత. రాత్రి పుచ్చుకొనిన మందు ఉదయమునను పూర్తిగా విడువదు. మోటారు నడపువారికిని, యంత్రములవద్ద పనిచేయువారికిని, పరీక్ష వ్రాయువారికిని ఇది గమనింపదగిన విషయము.

పాటింపవలసిన నియమములు

బిడ్డను నిద్రపుచ్చుటకై యీ మందులను ఎన్నడును ఇయ్యకుడు. ప్రయాణమైనను, ఇంట పెండ్లియైనను, తల్లి యెంత యలసియున్నను, అది కారణము కాదు. వైద్యుడు వ్రాసిన మందునే, వ్రాసిన మోతాదుననే, సీసాతో వచ్చిన కొలతగిన్నెతోనే పోయవలెను. వంటయింటి చెంచాలు అన్నియు ఒకే ప్రమాణము గలవి కావు. ఒకే మందు వేర్వేఱు పేర్లతో రెండు సీసాలలో ఉండవచ్చును గనుక, పైచీటిపై నున్న అసలు మందుపేరును చదువుడు. చదువనేర్చిన విద్యార్థులు చదువనేరని పెద్దలకు దీనిని చదివి చెప్పుట గొప్ప సేవ. ఒకరికి వ్రాసిన మందును మఱియొకరికి ఇయ్యకుడు. సీసాలను పిల్లలకందని చోట ఉంచుడు.

మందు పుచ్చుకొని నిద్రించు బిడ్డను నడుమనడుమ చూచుచుండవలెను. శ్వాస మిక్కిలి మెల్లగా నున్నను, ఊపిరి తీయునప్పుడు ప్రక్కటెముకలు లోనికి పోవుచున్నను, పెదవులు నీలివన్నెకు తిరిగినను, ఎంత కదపినను బిడ్డ మేలుకొనకున్నను, తెల్లవారువఱకు వేచియుండక ఆ క్షణముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాడిన మందుసీసాను గూడ వెంట తీసికొనిపోవలెను.

ఈ మందులు చెడ్డవి కావు. దద్దుర్లతోను, దురదతోను బాధపడువారికి అవి ఎంతయో మేలు చేసినవి, చేయుచున్నవి. కాని నిద్ర గొలుపు శక్తి గల ప్రతి మందునకును కాపలా కావలెను. మందు నిచ్చిన చేయి తన పని ముగిసినదని తలంపరాదు; ఇచ్చిన పిమ్మటనే కన్నుల పని ప్రారంభమగును.