ముందు చల్లటి మూల, తర్వాతే పెట్టె

ఆదోని

మేనల్లుడా,

బాల్ పైథాన్ కోసం చెక్క పెట్టె సొంతంగా చేసుకుంటానని రాశావు. చాలా సంతోషం. కొలత, కోత, అతుకు, గాలి, వేడి, కరెంటు అన్నీ నేర్పే పని ఇది. కానీ నువ్వు పంపిన నమూనా చలిదేశం వాళ్లు గీసుకున్నది. దాన్ని ఉన్నదున్నట్టు మీ హొళగుందలో దించితే వైశాఖంలో పాము ఉడికిపోతుంది.

చెక్క కొనే ముందు కాగితాల సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. పొలం గట్టున కనిపించే ఉడుము, నక్షత్ర తాబేలు, మన కొండచిలువ మూడూ అందులో మొదటి షెడ్యూలు జీవాలు. వాటిని ముద్దుకైనా సరే ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఎక్కడైనా కనబడితే అటవీశాఖకు కబురు చెయ్యాలి, అంతే. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము, విషం లేనిది. అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జాతుల జాబితాలో అదీ ఉంది. అలాంటి జీవాలను పెంచేవాళ్లు వాటిని నమోదు చేయించుకోవాలని 2022 సవరణ చెప్పింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఆ పని పరివేశ్ పోర్టల్‌లో జరుగుతుంది. పిల్లలు పుట్టినా, పాము చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. అమ్మేవాడి దగ్గర నమోదు కాగితం లేకపోతే బేరం అక్కడితో ఆపెయ్.

ఇక వేడి. పాము తన ఒంట్లో వేడి తాను పుట్టించుకోలేదు. వెచ్చదనం కావాలంటే వెచ్చటి చోటికి, చల్లదనం కావాలంటే చల్లటి చోటికి పాకుతుంది. అందుకే పెట్టెలో ఒక కొస 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొస 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలంటారు. చలిదేశాల్లో వెచ్చటి కొసను కాపాడుకోవడమే కష్టం. వేడి గాజుగుండా పోయినంత త్వరగా ప్లైవుడ్ గుండా పోదు కాబట్టి వాళ్లకు చెక్క పెట్టె వరం. మనకు కష్టమంతా రెండో కొసతో. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటాక, లోపలికి చేరిన వేడిని అదే చెక్క బయటికి పోనివ్వదు.

కాబట్టి మొదట గది చూడు. రేకుల షెడ్డు అసలు వద్దు. ఎండ నేరుగా తగిలే సిమెంటు మిద్దె గదీ వద్దు. మీ పాతింట్లో మట్టి మిద్దె కింద, మందపాటి గోడల మధ్య ఉన్న నడిమింటి గది దీనికి సరిపోతుంది. పెట్టెను నేలమీద కాక అడుగున్నర ఎత్తు స్టాండు మీద, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా పెట్టాలి. చెద ఎక్కితే వెంటనే కంటబడుతుంది. చెదల మందు మాత్రం పెట్టె లోపల ఒక్క చుక్క కూడా పూయకూడదు.

పెద్ద పాముకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటు ఒక్కటి చాలు. దాన్ని నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో నాలుగు ముక్కలు చేస్తే, మూడింటితో అడుగు, పైకప్పు, వెనక గోడ వస్తాయి. నాలుగో ముక్కను సగానికి కోస్తే రెండు పక్కలు. రంపం బ్లేడు కోత కోతకూ మూడు మిల్లీమీటర్ల దాకా తినేస్తుంది. అందుకని గాజు కొలత కాగితం మీద లెక్క వేయకుండా, పెట్టె బిగించాకే తీసుకో. టఫెన్డ్ గాజును తర్వాత కోయడం కుదరదు.

షీటు 18 మిల్లీమీటర్లది, ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడిగి తీసుకో. అది నీటికి ఓర్చుకునే మెరైన్ రకం. అయినా కోసిన అంచు మీద ఒక నీటి చుక్క వేసి చూడు. పైపొర మీద ముత్యంలా నిలిచే చుక్క అంచు మీద చూస్తుండగానే ఇంకిపోతుంది. పెట్టె కుళ్లడం అక్కడే మొదలవుతుంది. అంచులకు నీళ్లలో కలిసే రకం పాలీయూరిథేన్ వార్నిష్ మూడు పూతలు వెయ్యి, లోపలి మూలలకు అక్వేరియం సిలికాన్ పట్టించు. వాసన పూర్తిగా పోయేదాకా పెట్టె ఖాళీగా ఆరాలి. దేవదారు చెక్కగానీ దాని పొట్టుగానీ లోపల వాడకూడదు, ఆ ఘాటు పాములకు పడదు. అడుగున పరచడానికి కొబ్బరి పీచు పొడి మంచిది.

గాలికి చలిదేశపు నమూనాలో రెండు చిన్న గుండ్రటి రంధ్రాలే ఉన్నాయి. మనకవి చాలవు. చల్లటి కొసన కింద ఒక వెడల్పాటి కంత, వెచ్చటి కొసన పైన ఇంకొకటి కోసి, రెంటికీ సన్నటి స్టీలు జాలీ బిగించు. వేడిగాలి పైనుంచి పోతుంటే చల్లగాలి కింద నుంచి వస్తుంది. పాము రాకముందే పరీక్షించు. కింది కంత దగ్గర ఊదుబత్తి వెలిగించి పట్టుకుంటే పొగ లోపలికి వెళ్లి పైకంత నుంచి బయటికి రావాలి. పొగ మధ్యలో తిరుగుతూ ఉండిపోతే పైకంత పెంచాలి. ముందువైపు జరిగే గాజు పలకలకు షోకేసు తాళం తప్పనిసరి. పాము ముక్కుతో నెట్టి సందు చేసుకుంటుంది.

చల్లటి మూలకు, పాములు పట్టే ఇరుళ గిరిజనుల పద్ధతి గమనించు. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళుల సహకార సంఘం విషం తీసే పాములను మట్టి కుండల్లో ఉంచుతోంది. లోపల ఇసుక, మూతికి నూలుగుడ్డ. లోపల చీకటి, గాలి ఆడుతుంది, కుండ తొందరగా వేడెక్కదు. పాము అందులో కొద్దివారాలే ఉంటుంది కాబట్టి అది చాలు, ఇరవయ్యేళ్లకు పైగా బతికే బాల్ పైథాన్‌కు చాలదు. అయినా మూతి వెడల్పయిన కుండను బోర్లించి, పక్కన దూరేంత కంత చేసి చల్లటి కొసన పెడితే మంచి గుహ అవుతుంది. అలాంటిదే ఇంకొకటి వెచ్చటి కొసనా ఉండాలి. లేకపోతే దాక్కోవడం కోసం పాము ఏదో ఒక కొసకే అంటిపెట్టుకుని ఉంటుంది. వడగాలి రోజుల్లో తేమ పడిపోతుంది గనుక వెడల్పాటి నీళ్ల తొట్టీ చల్లటి వైపే.

హీటర్ పని పుష్య మాఘాల రాత్రులకే ఎక్కువ. దాన్ని థర్మోస్టాట్ లేకుండా ఒక్క గంట కూడా వెలిగించొద్దు. పాము చుట్టుకోకుండా చుట్టూ తీగ పంజరం బిగించు.

పెట్టె పూర్తయ్యాక పాము తేకుండా, రెండు కొసలా రెండు థర్మామీటర్లు పెట్టు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి చూసి వారంపాటు రాసిపెట్టు. చల్లటి కొస మధ్యాహ్నం 32 దాటుతుంటే గది మార్చాలి, పెట్టెను కాదు. ఆ కాగితం నాకు పంపించు. హీటర్ ఎన్ని వాట్లది కొనాలో దాన్ని చూసి చెబుతాను.

ఇట్లు,
నీ మామ