చేలోంచి ఎదురు నడవండి

కొత్త ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన నాలుగో రోజు రేపల్లె నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, డౌన్‌లోడ్ కదలడం లేదు. ల్యాప్‌టాప్ షాపులో తిరిగిచ్చేద్దాం అంటున్నారు నాన్న." బాపట్లలో ఇంజనీరింగ్‌లో చేరింది. క్లాసులకు కావలసిన సాఫ్ట్‌వేర్ 4 జీబీ. నెట్ వాళ్లది తప్పని ఆమె, షాపు వాళ్లది తప్పని మా బావ. ఇద్దరూ ఒక్క అంకె కూడా చూసుకోలేదు. "ఆదివారం వస్తా, అప్పటిదాకా ఎవరినీ ఏమీ అనొద్దు" అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మన శివారు రైతుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన పశ్చిమ కాలువ దుగ్గిరాల దగ్గర పాయలవుతుంది. తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు పోతాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు పొలాలు చివరివి. చేలోకి నీళ్లు రాకపోతే అక్కడి రైతు ముందుగా బ్యారేజీ మీద విరుచుకుపడడు. పార భుజాన వేసుకుని మడి నుంచి బోదెకు, బోదె నుంచి పంటకాలువకు, అక్కడి నుంచి తూముకు ఎదురు నడుస్తాడు. నీళ్లు కనబడిన చోట ఆగుతాడు. తూటికాడ అడ్డం పడిందో, గట్టు తెగిందో, ఆ చోటుకీ అంతకు ముందు చూసిన చోటుకీ మధ్యే తేలిపోతుంది. స్పీడు తగ్గినప్పుడు మీరూ అలాగే నడవండి.

నడిచే ముందు కొలత సరిచూసుకోండి. నెట్ కనెక్షన్‌ను బిట్లలో అమ్ముతారు, డౌన్‌లోడ్ మాత్రం బైట్లలో కనబడుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ అన్నారు. తెర మీద అది సెకనుకు రెండు ఎంబీ లోపే. 100 ప్లాన్ అయితే పన్నెండున్నర. ఒకరు సెంట్లలో చెప్పింది ఇంకొకరు ఎకరాల్లో రాసుకుంటే తగాదా రాదా మరి? సగం గొడవలు ఈ భాగహారంతోనే తీరతాయి.

మా మేనకోడలిది అలా తీరే గొడవ కాదు. ఆదివారం వెళ్లి చూశాను. ప్లాన్ 100, వస్తున్నది సెకనుకు మూడు ఎంబీ, అంటే 24. రూటర్ ముందు గదిలో ఇనుప బీరువా వెనకాల ఉంది. ఆమె బల్ల వెనక గదిలో. అదే బల్ల మీద తన ఫోన్ పెట్టి అదే వైఫైలో స్పీడు చూడమన్నాను. 70 వచ్చింది. బోదెలో నీళ్లున్నాయన్నమాట, అడ్డం చేలోనే ఉంది. బయటి వాళ్లతో పోట్లాట అక్కడితో ఆగిపోయింది.

ల్యాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కించాను. టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ వరస చూస్తే విండోస్ అప్‌డేట్లు దిగుతున్నాయి, పాత ఫొటోలన్నీ క్లౌడ్‌కు ఎక్కుతున్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌కు మొదటి రోజుల్లో ఇది సహజం. ఒక రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి వదిలేస్తే దాని పని అది చూసుకుంటుంది. ఫొటోలను ఆపితే 24 కాస్తా 35 అయింది. వైఫై చూస్తే 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంది. అది గోడలు దాటి దూరం పోతుంది గానీ చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ దాని మీదే. 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాం, 60. రూటర్‌ను బీరువా వెనక నుంచి తీసి గుమ్మం పక్కన ఎత్తున పెట్టాం, 90.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ అంకె రాసుకోండి. అన్నీ ఒకేసారి కెలికితే బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు, రేపు మళ్లీ పాడైతే మొదటికే వస్తారు. మా మేనకోడలి నోటుబుక్కు చివరి పేజీలో ఆ రోజు రాసిన నాలుగు అంకెలూ, పక్కన ఏం మార్చామో ఒక్కో మాటా ఇంకా ఉన్నాయి.

ఇంత చేసినా పెరగకపోతే రూటర్‌కు కేబుల్ తగిలించి చూడండి. ల్యాప్‌టాప్‌కు ఆ రంధ్రం లేకపోతే రూటర్ పక్కనే కూర్చుని చూడండి. అక్కడ బాగుంటే వైఫైది లోపం, ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి వైఫై డ్రైవర్ కొత్తది వేసుకోండి. 200, 300 ప్లాన్ తీసుకుని కేబుల్ మీద కూడా 95 దగ్గరే ఆగిపోతుంటే ఆ కేబుల్‌నే అనుమానించండి. ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా వేగం 100కు పడిపోవచ్చు. కేబుల్ మీదా, ఫోన్‌లోనూ, పొద్దునా రాత్రీ అన్నింటా తక్కువే వస్తే అప్పుడు నెట్ వాళ్లకు ఫోన్ చేయండి. ఏ రోజు, ఏ వేళ, ఎంత వచ్చిందో చదివి వినిపించండి. "స్లోగా ఉంది" అన్నవాళ్లకు "రీస్టార్ట్ చేయండి" అనే జవాబు వస్తుంది, అంకెలు చెప్పినవాళ్ల ఇంటికి మనిషి వస్తాడు.

ఆ సాయంత్రం 4 జీబీ ఆరు నిమిషాల్లో దిగింది. నేను తెనాలి బండి ఎక్కుతుంటే మా మేనకోడలు ఫోన్‌లో బాపట్ల స్నేహితురాలితో మాట్లాడుతోంది: "ఉండవే, షాపుకు తర్వాత వెళ్దువు గాని. ముందు నీ ఫోన్‌లో ఎంతొస్తోందో చెప్పు."